దమ్ము

బిస్కెట్ల డబ్బాలో మూడు హార్డ్ డిస్కులు,
అవి ఒకదానికొకటి తగలకుండా
మధ్యలో చిరిగిన ఉన్ని మేజోడు కుక్కి
తెచ్చాడు దెయొదాతు,
పీకు దీవిలో, మదలేనా రేవు వీధిలో
ప్రింటర్లు బాగుచేసే నా కొట్టుకి.

"లక్షా ఎనభై వేలు," అన్నాడు.
డబ్బనుకున్నాను.
ఫొటోలట.

ఇరవై రెండేళ్లు కొండకొమ్మున కావలి గదిలో కూర్చుని
బైనాక్యులర్స్‌తో తిమింగలాన్ని కనిపెట్టి
పడవలకి రేడియోలో చెప్పడం ఆయన పని.
చెప్పాక చెయ్యి ఊరుకోక ఒక ఫొటో.
ఒకటి ఎప్పుడు ఒకటితో ఆగింది గనక.

"వీటిని సర్దే సాఫ్ట్‌వేర్ ఏదైనా చూసిపెట్టు నతేర్సియా,
నా కళ్లకి పొర కమ్మకముందే."

మొదట పెట్టింది మొహం చూసి బొట్టు పెట్టే రకం.
రాత్రంతా నమిలి నమిలి పొద్దున్నే అడిగింది,
ఈ నలుగురూ ఎవరు అని.
ఒకరు పడవ నడిపే బెల్మీరా.
ఇంకొకరు కిటికీ అద్దంలో ఆయనే.
మూడోది నల్లరాతి గోడ మీద నీటిమరక.
నాలుగోది నురగ.
ఆయన నురగని చాలాసేపు చూసి
"పోలిక ఉంది," అన్నాడు. ఎవరితోనో చెప్పలేదు.
తోకలకి మాత్రం అది పేరడగలేదు.
తలా తోకా లేని వ్యవహారం అంటామే,
ఇక్కడ తోకలున్నాయి, కొల్లలుగా.
తలే లేదు.

మరొకటి అద్దెకొంప.
నెలనెలా కట్టినంతకాలమే నీ ఫొటోలు నీవి.
పైగా అన్నీ పైకి ఎక్కించాలి, మబ్బులోకి.
మా దీవి ఇంటర్నెట్‌తో
ఎక్కడం పూర్తయ్యేసరికి పదమూడు నెలలు.
"మబ్బు సంగతి నాకు చెప్పకు," అన్నాడు,
"అది కొండ దిగిన రోజున
నాకు రెండు చేతులే కనిపించేవి."

తేదీల వారీగా పేర్చేది బుద్ధిమంతురాలు, ఉచితం కూడా.
తెరిచి చూస్తే మొదటి తొమ్మిదేళ్లూ
ఒక్క రోజులో పడున్నాయి,
రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటి.
బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కెమెరా
తన పుట్టినరోజుకి పారిపోయేదట.
ఈయన దాని గడియారం ఎన్నడూ ముట్టుకోలేదు.
ఆ ఒక్క రోజులోనే
ఆయన గడ్డం నెరిసింది,
తమ్ముడి పడవ అమ్ముడుపోయింది,
ముప్పై ఏడు పిల్లలు తల్లుల పక్కన తేలాయి.
"సరిచెయ్యనా?" అన్నాను.
కాసేపు నీళ్లు నమిలి,
"పొడుగైన రోజే అది. ఉండనీ," అన్నాడు.

ఆ తర్వాతి దానికి పొదుపు పిచ్చి.
ఒకేలా ఉన్నవి వెతికి వెతికి
అరవై ఒక్క వేల ఫొటోల మీద ఎర్రగీత గీసింది:
ఏమీ లేదు, చెరిపెయ్యనా?
నిజమే, ఏమీ లేదు.
నీళ్లు, అంచు, నీళ్లు.
మౌస్ మీద నా వేలు దిగబోతుంటే
మణికట్టు పట్టుకున్నాడు.

"ఇక్కడ మునిగింది."
తెర మీద ఏమీ లేనిచోట గోరు ఆనించాడు.
"ఇక్కడ ఇంకా లేవలేదు.
యాభై నిమిషాల దమ్ము దానిది.
ఈలోపు తీసినవన్నీ దానివే."

చివరికి తీసుకున్నది
ఎస్టోనియాలో ఎవరో ఒంటరి కుర్రాడు రాసింది,
మోటు బొత్తాలు, బూడిదరంగు.
దానంతటది ఏదీ కనిపెట్టదు,
పేరు మనమే పెట్టాలి, అర మనమే గీయాలి.
లక్షా ఎనభై వేలకి ఎన్నేళ్లో లెక్కకట్టి చెప్పాను.
వినలేదు.
నా ఫోన్లో పదకొండు వేలున్నాయి,
ఒక్కదానికీ పేరు లేదు. నేనెవర్ని చెప్పడానికి.

ఇప్పుడు సాయంత్రాలు వస్తున్నాడు,
జేబులో కాగితం చుట్టిన జున్నుముక్కతో.
అరలకి ఆయన పెట్టిన పేర్లు:
నైరుతి గాలి.
గాలి లేదు.
బెల్మీరా రేడియోలో తిట్టిన రోజు.
కొరికిన రొట్టెలాంటి తోక.
దమ్ము.
ఆఖరిదే అన్నిటికన్నా పెద్దది.

నిన్న రెండు వందలు సర్దాడు.
ఒక ఖాళీ నీటి దగ్గర ఆగి
దీపం తగ్గించమన్నాడు.
ఎవరిదో ప్రింటర్ కాగితం కోసం కూస్తోంది.
లేవలేదు నేను.