రాయప్ప గారి పడవ

దీపం వద్దన్నాను. అపొలోనియా సంగతి చెప్పడానికి
నాకు వెలుతురు అక్కర్లేదు.
కళ్ళు పోయి ఆరేళ్ళు. వేళ్ళు ఇంకా ఉన్నాయి.

నరసాపురం మఠం వసారాలో పద్దెనిమిది మందిమి
వరసగా చాపలేసుకుని లేసు అల్లేవాళ్ళం.
మాటలుండకూడదు. మదర్ యూలాలీ గారి చేతికర్ర
ఈ కొస నుంచి ఆ కొసకి నడిచినంతసేపూ
పెదాల మీద మంగళవార్త జపం.
తెల్లనూలు మీద చెమట మరక పడితే
ఆ పూట గంజి లేదు.

నూలు బేళ్ళు కాలవ మీద వచ్చేవి.
దించేవాడు లోవరాజు.
ఏనాడూ తలెత్తి చూడలేదు అపొలోనియా.
బేలు విప్పేటప్పుడు మాత్రం
వాడు కట్టిన పురికొస ముడిని
ముక్కు దగ్గర పెట్టుకునేది.
తారు, ఎండుచేపలు, ఇంకేదో.
పక్క చాప నాది.

ఆ ఏడు బిషప్ గారొస్తారని పీఠానికి కొత్త బట్ట.
నమూనా పుస్తకంలో ద్రాక్షగుత్తులు,
మాలో ఎవరమూ నోట పెట్టి ఎరగని పళ్ళు.
ఆమె అల్లిన మూలలో ద్రాక్షల్లేవు.
పడవ ఉంది. తెరచాప నిండా గాలి ఉంది.
చుక్కాని దగ్గర
ఒక మనిషి నిలబడేంత ఖాళీ ఉంది.

మదర్ గారికి చెప్పింది నేనే.
ఎందుకు చెప్పానో యాభై ఏళ్ళుగా
పాపసంకీర్తనంలో మాటలు మార్చి మార్చి చెబుతున్నాను.
స్వాములోర్లు మారారు. మూడు పరలోక జపాలు మారలేదు.
అసలు మాట ఇది:
ఆ ముడిని పట్టుకున్నట్టు
ఒక్కసారి నా చెయ్యి పట్టుకోలేదు తను.

విప్పెయ్యమంటుందనుకున్నాను.
కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది మదర్ గారు.
"రాయప్ప గారి పడవ" అంది.
అంతే, అది రాయప్ప గారిదైపోయింది.
బిషప్ గారు వంగి ముద్దు పెట్టుకున్నారు.
సీమ నుంచి ఉత్తరం వచ్చింది, అలాంటివే నలభై కావాలని.

మనసులోది ఒకసారి అల్లితే పాపమేమో, నాకు తెలీదు.
నలభైసార్లు, కొలబద్ద పెట్టి,
డజనుకింతని రాసుకుంటుంటే అల్లడం
ఏ పాపానికి శిక్షో అదీ తెలీదు.
ముప్ఫయ్యోదానికి ఆమె వేళ్ళు నిద్రలోనూ కదిలేవి.
ముఖం మెలకువలోనూ కదిలేది కాదు.
ఒకరోజు బేలొస్తే
ముడి విప్పలేదు. కత్తెరతో కోసేసింది.

గోదారి గట్టు తెగిన ఏడు చలిజ్వరంతో పోయింది.

మొదటి బట్ట ఇంకా పీఠం మీదే.
పండక్కి ఉతకడం నాకే వదిలేశారు.
ఎంత గంజి పెట్టినా
చుక్కాని పక్క ఆ చోటు బిగుసుకోదు,
నా వేలు అందులోంచి జారిపోతుంది.
ఇస్త్రీ చేసే పిల్ల అడిగింది,
ఇక్కడ చిరిగిందా అమ్మగారూ?
లేదమ్మా. అలాగే అల్లింది.