శాంతికాలంలో మినహాయింపు

కూమో పురపాలక భవనం నిండా
తడిసిన ఉన్నికోట్ల వాసన.
డాక్టరు కెంప్పైనెన్ కళ్ళజోడు నుదుటికెత్తి
మా తమ్ముడు వెయిక్కా జబ్బమీది
బొత్తామంత బిళ్ళని చూసి
మర్యాదగానే అడిగాడు:
ఎన్నాళ్ళనుంచి?
ఏడో ఏటినుంచి.
కాగితం మీద 'సి' పడింది.
శాంతికాలంలో సేవనుంచి మినహాయింపు.

శాంతి ఎప్పుడుందని?
వాడి నెత్తుట్లో ఏ సంధిపత్రం మీదా
ఇంతవరకు ఎవరూ సంతకం చెయ్యలేదు.

తెల్లవారుజామున మూడింటికి
మోత మోగకముందే లేచి కూర్చునేవాడు,
రై రొట్టెముక్కని కంటితోనే తూచేవాడు,
స్కీలు కట్టుకున్నరోజు ఇన్సులిన్ గడ్డకట్టకుండా
చంకలో పిట్టపిల్లలా దాచుకునేవాడు,
వీడికి క్రమశిక్షణ చాలదట.
పదకొండేళ్ళ కాపలా.
మార్చడానికి ఇంకో మనిషి
ఒక్క రాత్రీ రాలేదు.
నేను రాబోయాను ఒకసారి. నిద్రపట్టేసింది.

మెట్లమీద సాంప్సా, నిక్షేపంలాంటి ఊపిరితిత్తుల్ని
బూతులు తిడుతున్నాడు.
తప్పిపోవాలని మూడువారాలు మొక్కుకున్నవాడు వాడు.
వెయిక్కా వాడి భుజం తట్టి
బూట్లు ఒక సైజు పెద్దవి అడుగు, అన్నాడు.
అవన్నీ ఎప్పుడో చదివేసి ఉంచుకున్నాడు.

కలపలారీలో నాన్న ఇంజను ఆపలేదు.
ఏమైందని అడగలేదు.
తమ్ముడు ఫోను చూసి
"మూడు పాయింట్ ఎనిమిది, దిగుతోంది" అన్నాడు,
ఎవరికో కబురు చెబుతున్నట్టు.
నాన్న అరలోంచి రసం డబ్బా తీసి
పుల్ల గుచ్చి ఇచ్చాడు,
ఏడేళ్ళవాడికి ఇచ్చినట్టే.

వాడు ముందు కాగితాన్ని మడిచాడు.
మళ్ళీ మడిచాడు.
ఇక మడతపడనంత చిన్నదయ్యాక
తాగాడు.