పదిహేడో నంబరు ముక్క

ఆదివారం చిక్కపేట వెనక, గోనెపట్టా మీద
తుప్పు తాళాలకీ మూతలేని ప్రెషర్ కుక్కర్‌కీ మధ్య
దొరికింది ఈ అట్టపెట్టె.
నూటయాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు.
మూత మీది బొమ్మలో విమానం ఇంకా ఎగురుతూనే ఉంది
ఒక రెక్క చెదలు తినేసినా.
నాట్ అంటారట, ఏదో దోమజాతి పురుగు పేరు.
ఒకప్పుడు ఈ ఊళ్ళోనే చేసేవారట.

పెట్టె పక్కన నీలం బాల్‌పెన్నుతో, కన్నడంలో:
చెంగప్ప, ఏడు బి.
మన తలకట్టు కాస్త వంగితే వాళ్ళ అక్షరం,
చదవడానికి కష్టపడలేదు.

లోపల బూడిదరంగు ప్లాస్టిక్కు, ఎండిపోయిన జిగురు ట్యూబు,
మడతల దగ్గర చిరిగిన కాగితం:
ఒకటికి రెండు అతికించు, ఆరనివ్వు, మూడు అతికించు.
చెంగప్ప ఎడమ రెక్క దాకా వచ్చి ఆగిపోయాడు.
పరీక్షలొచ్చాయో, జిగురే అయిపోయిందో,
వాళ్ళ నాన్నకి బదిలీయో.
నేనడగను.
యాభై రెండేళ్ళ ఆడదానికి విమానం బొమ్మెందుకని
నన్ను అడిగారు గానీ, అది వేరే సంగతి.

నా పని పళ్ళు చెయ్యడం.
మురుగేశ్‌పాళ్యలో మేడ మీద ల్యాబు.
కింద డాక్టరు అచ్చు తీసి పంపుతాడు,
నేను మైనం చెక్కి, పింగాణీ పూసి, కొలిమిలో కాల్చి
ఎవరిదో కోరపన్ను
అద్దంలో వాళ్ళే పోల్చుకోలేనట్టు చేసిస్తాను.
మా పనిలో చెయ్యి కనబడిందంటే పని చెడినట్టే.

రాత్రి ఎనిమిది తర్వాత అదే బల్ల, అదే దీపం, అదే భూతద్దం.
రెండు సగాలూ కలిపి నడుముకి బట్టల క్లిప్పు పెట్టాను.
అతుకు దగ్గర సన్నటి గాడి.
పుట్టీ, ఆ తర్వాత తడి గరుకు కాగితం.
పాతకాలపు అచ్చు కదా, రివెట్లన్నీ ఉబ్బెత్తుగా,
చలికి లేచిన రోమాల్లాగా.
ఎక్కువ రుద్దితే పోతాయి.
ఊపిరి బిగబట్టి రుద్దాను.

పదిహేడో నంబరు లేదు. ముందు చక్రం.
పెట్టె దులిపాను, కవరు దులిపాను,
చీర కుచ్చిళ్ళు దులిపాను.
చివరికి చిగుళ్ళకి వాడే గులాబీ అక్రిలిక్
చిటికెడు కలిపి
మినపగింజంత చక్రం చేశాను.
నల్లరంగు కింద అది గులాబీదని
దానికీ నాకే తెలుసు.

గుర్తుల కాగితం పసుపెక్కింది.
మా షేడు పట్టీ భాషలో, బీడీ తాగేవాడి ముందుపన్ను.
కిటికీ అద్దానికి అంటించి ఎండకి పెడితే తెల్లబడుతుంది.
బెంగుళూరు ఆగస్టులో ఎండేదీ?
తొమ్మిది రోజులు ఆ మూడురంగుల చక్రాలు
వాన చూస్తూ కూర్చున్నాయి.
పదోరోజు మధ్యాహ్నం రెండు గంటలు కాసింది,
అప్పుడే హెచ్.ఎ.ఎల్. రన్‌వే మీంచి
అసలుది ఒకటి ఆకాశాన్ని పాతగుడ్డలా చింపుకుంటూ లేచింది.
అద్దం అదిరింది.
బల్ల మీద, జానెడైనా లేనిది,
నిలబడ్డచోటే గిలగిల్లాడింది.

ప్రైమర్ కొట్టాక బయటపడ్డాడు చెంగప్ప.
ఎడమ రెక్క అడుగున, జిగురులో నొక్కుకుపోయిన
చిన్న బొటనవేలు.
సుడులు సుడులుగా. ఒకచోట తెగిన గీత,
పెన్సిలు చెక్కుతూ కోసుకున్నాడేమో.
ఇప్పుడా వేలికి అరవై దాటుంటాయి.
గరుకు కాగితం నీళ్ళలోనే ఉంది. రెండు నిమిషాల పని.
ముప్ఫయ్యేళ్ళుగా అదే కదా నేను చేస్తున్నది.

నీళ్ళు పారబోశాను.

వెండిరంగు పలచగా మూడు పూతలు.
సున్నాలు మూడున్న బ్రష్షుతో ముక్కు మీద నలుపు.
ఆ గీతల్లోకి రంగు దిగింది, ఆరింది.
తిరగేస్తే తప్ప కనబడదు.

ల్యాబులో చోటెక్కడుంది? పై అరలో పెట్టాను,
పేరు చీటీలు కట్టిన ప్లాస్టర్ దవడల మీదుగా.
పొద్దున లైటు వెయ్యగానే
నలభైమంది నోళ్ళు తెరుచుకుని
పైకి చూస్తున్నారు.