అర్జీలో పై సగం

బిలోలి కచేరి ముందర వేపనీడ ఎటు జరిగితే
అటు జరిగేది మా నాయిన చాప.
కలందాన్, సిరాబుడ్డి, తడి పీల్చే ఇసుక డబ్బీ.
అర్జీకి అణా. బేడ ఇస్తే ముత్యాల రాత.

పై సగం రాజుగారిది.
ధర్మానికి గొడుగు, దౌలత్‌కు దీపం, కాలానికి ఖడ్గం
రాసి రాసి ఆయన వేలికి కాయ కాసింది.
ఉర్దూలో ఆ బిరుదులు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని
పెండ్లి ఊరేగింపోలె దిగి వచ్చేవి.
అది దాటిపోయినంక గాని
ఎండిన చేను, ఎత్తుకపోయిన ఎడ్లు
కాయితం ఎక్కొద్దు.
అట్టడుగున, అడిగినోని పేరుకు బదులు
'ఫిద్వీ'. అంటే మీ మీద ప్రాణమిడిచేటోడు.
ఊరంతా ఫిద్వీలే.
దూరంకెంచి సూస్తే జిల్లా మొత్తానికి ఒకటే పేరు.

ఆ జనవరిల నాయిన అలవాటుకొద్దీ కలం ముంచి
ఆగిండు.
గిర్దావర్ నిన్ననే చెప్పిపోయిండు, బిరుదులు బంద్ అని.
ఎదురుంగ గొల్ల నడిపవ్వ గొంతుక్కూసున్నది.
పదకొండేండ్ల కింద దేశ్‌ముఖ్ కలుపుకున్న
మంజీర ఒడ్డు రెండెకరాలకు
ఇది ఆమె ఏడో అర్జీ.

"ఏంది, రాస్తలేవు?"
"పైన జాగ మిగిలింది అవ్వా."
"అయితే నా చేను ఇంకింత పెద్దగ రాయి."

నాయిన నవ్విండు.
నేను నవ్వలే, సిరా కలుపుతున్న.
"నీ పేరు చెప్పు."
"నడిపి."
"అది వరస. పేరు?"

ఆమె నది దిక్కు సూసింది.
పేరు పెట్టిన తల్లి లేదు, పిలిచిన అక్కలు లేరు,
మొగడు 'ఓయ్' తోనే ముప్పైయేండ్లు ఎల్లదీసిండు.
ధర్మాబాద్ మిర్చి బండి ఒకటి పోయింది.
అందరం తుమ్మినం.
"చంద్రవ్వ కావచ్చు" అన్నది,
ఎవల గంపలకెంచో తీసి ఇచ్చినట్టు.

లోపట అదే పేష్కార్, అదే కుర్సీ,
కాయితాల మీద అదే నల్లగుండు.
రాజ్యం జరిగింది గాని గుండు జరగలే
అంటుండె నాయిన, చాప మడుస్తూ.

పొద్దు వాలినంక పేష్కార్ గడపలకొచ్చి
నోరు తిరగక, కూడబలుక్కుంట పిలిచిండు:
"చంద్రవ్వ! ఎవరిక్కడ చంద్రవ్వ?"

నడిపవ్వ పక్కనున్నోళ్ళ మొఖాలు సూసింది,
ఎవలో పాపం,
లేస్తలేదేమని.