పొట్టి ఎ

అంకీసలో మా బచత్ గట్ బుక్కుకు
అట్ట మూడుసార్లు మారింది.
ఇప్పటిది సిమెంటు సంచి కాగితం,
ఇంకా వేళ్లకు దుమ్మంటుతది.

మాట తెలుగు, బడి మరాఠీ.
అందుకే నేను రాసేది తెలుగే గాని
పైన గీత లాగి, దండెం మీద బట్టలేసినట్టు
అక్షరాలను కిందికి వేలాడేస్త.

ఆ దండెం మీద పొట్టి ఎ లేదు.
మెడ రాసినా మేడే,
కొన రాసినా కోనే.
ఇన్నేండ్లు తకరారు రాలే.
పొట్టిదాన్ని పొట్టిగ చదివేది నా యాది.
సగం కాగితం చెప్పేది, సగం నేను.

మొన్న లసుంబాయి, పోచుబాయి
ఒకరెనక ఒకరు వచ్చి గడపల కూసున్నరు.
తొమ్మిదేండ్ల కిందటి మాట తీసి చదువుమన్నరు.
అప్పిచ్చిన ఓదెలు లేడు, తీసుకున్న బాపు లేడు.

తీసిన.
తునికాకు సీజను, మంగళవారం, మూడు వేలు,
రెండు వేలిముద్రలు.
కింద నా రాత: న మీద ఒక మాత్ర, పక్కన ల,
తర్వాత ‘ఇచ్చిండు’.

నెల ఇచ్చిండా, తీర్చటానికి గడువు?
నేల ఇచ్చిండా, వాగొడ్డు ముప్పావెకరం?
ఎవరిచ్చిన్రో అదీ రాయలే.
అప్పుడు అందరికీ ఎరుకే కదా.

లసుంబాయి సంతకం నేర్వలేదు గాని
ఆ పొద్దు నా చేతికి పసుపుందని చెప్పింది,
పెన్ను పారక రెండుసార్లు విదిలించిన్నని చెప్పింది.
చూస్తే కాగితం మీద రెండు సిరా బొట్లు!
పోచుబాయి కూడా అవునంది.
పసుపు ఇద్దరికీ యాదికుంది, పెన్ను యాదికుంది.
ఒక్క అచ్చు కాడ విడిపోయిన్రు,
ఎవరికి కావలసినంత పొడుగు వాళ్లు లాగిన్రు.

నాకేమో ఏదీ లేదు.
రాసి పెట్టిన్నని, ఆ సాయంత్రమే వదిలేసిన.
ఇల్లు తాళమేసి
తాళంచెయ్యి లోపలనే పెట్టినట్టు.

‘నాకు తెల్వదు’ అన్న.
ఆ మాట ఆ పేజీలనే, ఆ రెండు బొట్ల కింద
తారీకేసి రాసిన.

అప్పటి సంది పొట్టి ఎ కింద చుక్క పెడుతున్న.
ఎవరు, ఎవరికి, ఎందుకు అని
ఇంకో వరుస కలుపుతున్న,
అంకీస ఎక్కడుందో తెల్వని మనిషికి చెప్పినట్టు.
ఆ మనిషి నేనే, ఇంకో తొమ్మిదేండ్లకు.
‘ఎందుకు’ కాడ పెన్ను ఆగుతది చానాసార్లు.
ఆగితే తలెత్తి అడుగుత.
అడిగినంక తెలుస్తది,
వాళ్లూ ఇంకా అనుకోలేదని.
బుక్కు తొందరగ నిండుతున్నది,
గట్ల ఆడోళ్లు నవ్వుతున్నరు.

వాగొడ్డు చెలకల ఈ వానకాలం
ఎవరూ నాగలి కట్టలే. తుమ్మ మొలిచింది.
అదీ ఒక వరుస రాసుకున్న:
నేల పడావు.
చుక్క పెట్టలే.