రెండు గడులు

ట్యాబులో రెండు గడులు.
ఒకటి డ్యామేజి, రెండోది లాసు.
ఏదో ఒకటే నొక్కాలి.
రెండూ నొక్కితే ఎర్రక్షరాల్లో కసురుకుంటుంది.

కౌశిక పొంగి నాలుగో రోజు.
అయినవిల్లి దాటాక బండి రోడ్డు మీదే వదిలేసి
చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కాను.
ముందు మంగాయమ్మ,
నీళ్ళ కింద కూడా దారి తెలిసిన పాదాలు.

"రెండూ ఒకటి కాదేంటండి?
మనకైతే రెండూ నష్టమే కదా."

ట్రైనింగులో సారు చెప్పిందే అప్పజెప్పాను:
దెబ్బ తిని ఇంకా ఉన్నది డ్యామేజి,
ఇక లేనిది లాసు.

ఆవిడ వంగి
నీళ్ళలోంచి ఒక పన పైకెత్తింది.
కంకి కంకికీ తెల్లటి మొలకలు,
పసిపిల్ల పాలపళ్ళంత.
"మరిదేంటండి?
పోలేదు, ఉంది. పైగా పెరుగుతుంది."

నా వేలు గాల్లోనే ఆగిపోయింది.
మొలకెత్తడమే తప్పయిపోయిన గింజని
ఆ భాషలో ఏమంటారో
నాకెవరూ నేర్పలేదు.

ఆవిడే లెక్క తేల్చడం మొదలెట్టింది.
"నిరుడు గాలివానకి మా వంటపాక ఒరిగిపోతే
గుంజ పాతి నిలబెట్టుకున్నాం.
అది డ్యామేజి.
మా ఆయన మోకాలూ అంతేనండి,
కొబ్బరిచెట్టు మీంచి జారిన కాణ్ణించి
వంకరగా నడుస్తాడు గానీ
నడుస్తాడు."

కాసేపు మాటలేదు.
కాలవలో ఎవరిదో ప్లాస్టిక్ బిందె
తిరుగుతూ తిరుగుతూ వెళ్ళిపోయింది.

"లాసంటే మా చిన్నదాని నోటుబుక్కులండి.
మంచం కిందున్న పెట్టెతో సహా లాక్కుపోయింది ఏరు.
అందులో ఏం రాసుకుందో
నాకు చదవడం రాదు,
అడిగితే అది చెప్పదు."

ఫొటో తియ్యాలి. చేనుతో పాటు మనిషీ పడాలి.
ఆవిడ కొంగు సర్దుకుని
మొలకల పనని చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడింది.
సర్వే నంబరు కొట్టాను.
గుండ్రంగా తిరిగి తిరిగి తెర మీద తేలిన పేరు
కాకినాడలో ఉండే భూమిగలాయనది.

"కాగితం లేదాండి?"
"నోటిమాట కౌలండి. పదకొండేళ్ళయింది."

నష్టం ఈవిడది.
లాసు ఆయనది.
ఈ తేడా ట్రైనింగులో
సారు చెప్పలేదు.

గడి నొక్కలేదు, మూయలేదు.
ట్యాబుని పైట కింద దాచి వెనక్కి తిరిగాను.
మళ్ళీ సన్నగా తుంపర.

వెనకనుంచి ఆవిడ కేకేసింది,
కొత్తగా నేర్చుకున్న మాటని
అప్పుడే వాడుకలో పెట్టేసి:

"చూసి నడవండమ్మా,
ముందు గట్టు డ్యామేజి."