పళ్లు లేని బకెట్

పొద్దున్నే బకెట్ మార్పించింది బుదూర్ మేడం.
పళ్లున్నది వద్దట, సాపుది కావాలట.
"కొరకొద్దు, గీకు" అంది
సగం హిందీలో, సగం చేత్తో:
ఒక్కో గీకుకు రెండు వేళ్ల మందం.

పదకొండేళ్లుగా ఈ దేశాన్ని తవ్వుతున్నాను.
పైపులకు, పునాదులకు,
ఒకసారి ఎవరో షేకు చేపల తొట్టికి.
ఎంత లోతు అని అడిగారు గాని
ఎంత మెల్లగా అని అడిగినవాళ్లు లేరు.

ముహర్రక్‌లో, పాత చేపల బజారు వెనక,
పన్నెండంతస్తులు లేవాల్సిన జాగా.
రేకుల కంచె మీద బొమ్మలో అప్పుడే లేచింది,
బాల్కనీలో కాఫీ తాగే మనిషితో సహా.
లోపల మాకు మూడు కందకాలు.
ఏమీ లేదని తేలితే చాలు, కంపెనీకి పండగ.

మొదటిదాంట్లో ఏమీ లేదు.
రెండోదాంట్లో మేక దవడ, పెప్సీ సీసా.
"మా కోరుట్ల అంగట్ల ఇంతకన్న ఎక్కువ దొరుకుతయి"
అన్నాడు జల్లెడ ఊపుతూ బుచ్చిలింగం.

మూడోది.
బకెట్ అంచు కింద ఇసుక గొంతు మారింది.
లివర్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది ముందు,
చెవికి తర్వాత.
ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు.

బ్రష్షులు దిగాయి.
సున్నపు గచ్చు, దాని మీద సన్నటి కాలువలు
దువ్వెనతో దువ్వినట్టు,
అన్నీ ఒకే మూలకు వాలి,
ఆ మూలన నేలలో పాతిన కుండ మూతి.

మోరీ అనుకున్నాను.
కాదట, ఖర్జూరాల గదట.
సంచి మీద సంచి కప్పు దాకా పేర్చి
తలుపేసి వెళ్లిపోయేవారట.
ఎవరూ పిండరు, ఎవరూ తొక్కరు.
పైవాటి బరువుకు కిందివి, ఉక్కకు అన్నీ,
వాటంతట అవే పాకం కారేవట.

బుచ్చిలింగం నా వంక చూశాడు.
మా క్యాంపు గదిలో మంచాలు మూడంతస్తులు.
అడుగుది వాడిది.

ఫోటోకు ముందు గచ్చంతా ఊడ్పించారు.
ఎరుపూ తెలుపూ చారల కర్ర ఒకటి పక్కన పెట్టారు.
"నీ నీడ పడుతోంది, జరుగు" అంది మేడం.
జరిగాను.
మిషన్ నీడా పడుతోందట. దాన్నీ జరిపాను.

అందరూ నీళ్లకు పోయాక కందకంలోకి దిగి
కుండ అంచు మీది మట్టి చిటికెడు
నాలుక మీద వేసుకున్నాను.
తీపి లేదు. ఉప్పు.
సముద్రానిదో, నా వేలిదో.

పద్దెనిమిది రోజులకు కాగితం వచ్చింది:
తెల్లగుడ్డ పరిచి పూడ్చెయ్యాలి,
బిల్డింగు నాలుగు మీటర్లు అవతలికి జరగాలి.
నాలాగే, అనుకుని నవ్వొచ్చింది.

పూడ్చడానికీ నన్నే పిలిచారు.
"ఇక ఏ బకెట్ అయితేనేం, తోసెయ్" అన్నాడు
ఫోర్‌మన్ గుల్ జమాన్.
సాపుదే ఉంచాను.
రెండేసి వేళ్ల మందం ఇసుక
గుడ్డ మీద, చప్పుడు కాకుండా.
మిషన్‌కు గంటల లెక్కన కిరాయి.
గుల్ జమాన్ రెండుసార్లు గడియారం చూపించాడు.

చూపించనీ.